చైనాలో ఫారిన్ యూనివర్సిటీ: గవర్నమెంటా, ప్రైవేటా?

ఈ నెల చదువుల పేజీకి వచ్చిన ఉత్తరాల్లో సగం చైనా మీదే. కిందటి సంచికలో అక్కడి ఇంజినీరింగ్ చదువుల గురించి నాలుగు ముక్కలు రాసిన ఫలితం. ఎంబీబీఎస్ ప్రశ్నలు ఎప్పుడూ వచ్చేవే కానీ, చైనాలో ఉంటూ బ్రిటన్, అమెరికా పేర్లు పెట్టుకున్న యూనివర్సిటీల గురించి ఇంతమంది అడగడం ఇదే మొదలు. వాటితోనే మొదలుపెడదాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళితే సుజౌలో ఉన్న షియాన్ జియావోతోంగ్-లివర్‌పూల్ యూనివర్సిటీ చూపించారు. "985 యూనివర్సిటీ సార్, చైనా గవర్నమెంటుది, లివర్‌పూల్ పట్టా కూడా ఇస్తారు" అన్నారు. మా బావమరిది నెట్‌లో చూసి అది ప్రైవేటు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? (ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఇద్దరిదీ తప్పేనండీ, కాకపోతే మీ బావమరిదిది కాస్త చిన్న తప్పు.

ముందు ఆ 985 సంగతి తేల్చేద్దాం. 1998 మే నెలలో ప్రకటించిన పథకం కాబట్టి దానికి ఆ నంబరు వచ్చింది. ఎంపిక చేసిన 39 యూనివర్సిటీలకు ప్రభుత్వం భారీగా డబ్బు పెట్టింది. దానికంటే ముందు 1995లో వచ్చిన 211 అనే పథకం ఇంకొంచెం పెద్దది. ఈ రెండూ ఇప్పుడు పాతబడ్డాయి, వాటి స్థానంలో 'డబుల్ ఫస్ట్ క్లాస్' అనే జాబితా నడుస్తోంది, 2017లో మొదటి లిస్టు ఇచ్చారు, 2022లో సవరించాక అందులో 147 యూనివర్సిటీలు ఉన్నాయి. అయినా చైనా తల్లిదండ్రుల నోట్లోనూ మన కన్సల్టెన్సీల బ్రోచర్లలోనూ 985 మాట ఇంకా పోలేదు.

షియాన్ నగరంలో ఉన్న జియావోతోంగ్ యూనివర్సిటీ 985లో ఉన్నదే, అందులో అనుమానం లేదు. కానీ మీవాడు వెళ్లేది అక్కడికి కాదు. షియాన్‌కి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, షాంఘై పక్కనున్న సుజౌలో, ఆ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీ కలిసి 2006లో పెట్టిన మూడో సంస్థకు. దానికి చట్టప్రకారం సొంత ఉనికి ఉంది, సొంత బోర్డు ఉంది, సొంత అడ్మిషన్లు ఉన్నాయి. 985లోనూ లేదు, 211లోనూ లేదు, డబుల్ ఫస్ట్ క్లాస్‌లోనూ లేదు. అత్తగారికి పొలం ఉన్నంత మాత్రాన అల్లుడి పేరు మీద పాస్‌బుక్ రాదు కదా!

సరే, గవర్నమెంటు కాకపోతే ప్రైవేటేగా అంటారు మీ బావమరిది. ఇక్కడే అసలు తిరకాసు. చైనా విద్యాశాఖ ఉన్నత విద్యాసంస్థలన్నిటితో ఒక జాబితా విడుదల చేస్తుంటుంది. వరస నంబరు, పేరు, కోడ్, ఏ శాఖ అజమాయిషీ, ఏ ఊరు, ఏ స్థాయి, ఇన్ని గడులు అయ్యాక చివర్లో రిమార్కుల గడి ఒకటి ఉంటుంది. గవర్నమెంటు యూనివర్సిటీలకు అది ఖాళీ. ప్రైవేటు కాలేజీలకు ప్రైవేటు అని రాస్తారు. సుజౌలోని ఈ సంస్థలాంటి వాటికి మాత్రం 'చైనా-విదేశీ సహకారంతో నడిచేది' అని రాస్తారు. అంటే వాళ్ల సర్కారు లెక్కలోనే ఇది మూడో రకం. దీన్ని బలవంతంగా ఆ రెంటిలో ఒకదాంట్లోకి నెట్టబోయేది మనమే.

ఈ మూడో రకం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలియాలంటే 2003 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చూడాలి. చైనా పిల్లలకు చదువు చెప్పాలనుకునే విదేశీ యూనివర్సిటీ తనంతట తాను వచ్చి బోర్డు కట్టేయడానికి వీల్లేదు, అక్కడి విద్యాసంస్థ ఒకదానితో కలవాల్సిందే. బోర్డులో కనీసం సగం మంది చైనావాళ్లే ఉండాలి. అధిపతి చైనా పౌరుడై, చైనాలోనే నివాసం ఉండాలి. న్యూయార్క్ యూనివర్సిటీ షాంఘైలో పెట్టినదాన్ని చూడండి, ఛాన్సలర్ చైనా ప్రొఫెసర్, వైస్ ఛాన్సలర్ న్యూయార్క్ వైపు మనిషి. ఇక ఈ కోవలో అన్నిటికంటే ముందు, 2004లో, నింగ్బోలో పెట్టిన నాటింగ్‌హామ్ యూనివర్సిటీది మరీ తమాషా. దాని మొదటి అధిపతి యాంగ్ ఫుజియా అనే అణుభౌతిక శాస్త్రవేత్త, ఆయనే అదే సమయంలో ఇంగ్లండ్‌లోని అసలు నాటింగ్‌హామ్‌కు కూడా ఛాన్సలర్!

భాగస్వామిని బట్టి రకం తేల్చేద్దామన్నా కుదరదు. సుజౌలో చైనా వైపు నిలబడింది ఒక పెద్ద గవర్నమెంటు యూనివర్సిటీ. నింగ్బోలో నిలబడింది వాన్లీ అనే ఎడ్యుకేషన్ గ్రూపు. స్థలాలు, భవనాలు చాలాచోట్ల స్థానిక ప్రభుత్వాల చలవే, డ్యూక్ యూనివర్సిటీ కున్‌షాన్‌లో పెట్టిన క్యాంపస్‌ను ఆ ఊరి ప్రభుత్వమే కట్టించింది. ఫీజు చూస్తే మాత్రం గవర్నమెంటు వాసన రాదు. మామూలు గవర్నమెంటు యూనివర్సిటీలో చైనా పిల్లవాడు ఏడాదికి ఐదారు వేల యువాన్లు కడితే, ఇలాంటి చోట్ల ఆ లెక్క చాలావరకు లక్ష యువాన్ల దరిదాపుల్లోనో, అంతకు మించో ఉంటుంది. పోనీ లాభాపేక్ష సంస్థా అంటే, అదీ కాదు, చట్టం వీటిని ప్రజాహిత సంస్థలుగానే చూస్తుంది.

నిజానికి మనకిది అంత కొత్త విషయమేం కాదు. గుంటూరు, విజయవాడ మధ్యనే చూడండి. నాగార్జున యూనివర్సిటీ రాష్ట్రానిది, వడ్డేశ్వరంలో కేఎల్ డీమ్డ్, అమరావతిలో వీఐటీ, ఎస్‌ఆర్‌ఎం రాష్ట్ర చట్టం కింద వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీలు, మంగళగిరి ఎయిమ్స్ కేంద్రానిది. ఒక్క బస్సెక్కితే నాలుగు రకాలూ కనిపిస్తాయి. అయినా పెళ్లిచూపుల దగ్గర్నుంచి బ్యాంకు లోను దాకా అందరూ అడిగేది ఒక్కటే, "గవర్నమెంటా, ప్రైవేటా?" ఆ అలవాటుతో చైనా వెళితే తప్పుదారి పడతాం. కన్సల్టెన్సీ వాళ్లను వేరే అడగండి: దీనికి సొంత చట్టబద్ధ హోదా ఉందా, లేక ఇంకో యూనివర్సిటీలో ఒక విభాగమా? బీజింగ్‌లోని విద్యాశాఖ అనుమతి ఎప్పటి వరకు ఉంది? చివర్లో చేతికొచ్చే కాగితం మీద ఎవరి పేరు ఉంటుంది? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే, వాళ్లిచ్చిన కాఫీ తాగేసి ఇంటికి వచ్చేయండి.

ప్రశ్న: సార్, నేను బీటెక్ మూడో సంవత్సరం. పీజీకి చైనా చూస్తుంటే ఒకచోట జాయింట్ యూనివర్సిటీ, ఒకచోట జాయింట్ ఇన్‌స్టిట్యూట్, ఇంకోచోట జాయింట్ ప్రోగ్రాం అని ఉంది. అన్నీ ఒకటేనా? (విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: కాదమ్మా, మూడూ మూడు అంతస్తులు.

పై అంతస్తులో ఉన్నవి సొంత చట్టబద్ధ హోదా ఉన్న యూనివర్సిటీలు. ఇవి చాలా తక్కువ, 2022లో గ్వాంగ్జౌలో హాంకాంగ్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ తెరిచేనాటికి లెక్క పదికి వచ్చింది. నింగ్బోలో నాటింగ్‌హామ్, సుజౌలో లివర్‌పూల్, షాంఘైలో న్యూయార్క్, కున్‌షాన్‌లో డ్యూక్ ఇప్పటికే చెప్పుకున్నాం. వెన్‌జౌలో అమెరికా న్యూజెర్సీకి చెందిన కీన్ యూనివర్సిటీ, షాన్‌టౌలో ఇజ్రాయెల్ టెక్నియాన్, షెన్‌జెన్‌లో మాస్కో స్టేట్ యూనివర్సిటీ బీజింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీతో కలిసి పెట్టినది, అదే షెన్‌జెన్‌లో చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్, జుహాయ్‌లో బీజింగ్ నార్మల్, హాంకాంగ్ బాప్టిస్ట్ కలిసి 2005లో మొదలుపెట్టినది. మ్యాపులో చూస్తే అన్నీ దాదాపు తూర్పు, దక్షిణ తీరం వెంబడే ఉంటాయి. డబ్బున్న ఊళ్లే వీటిని పిలిచి చోటిచ్చాయి మరి.

మధ్య అంతస్తులో ఉన్నవాటికి సొంత హోదా ఉండదు. ఒక చైనా యూనివర్సిటీ లోపల విదేశీ యూనివర్సిటీతో కలిసి నడిపే కాలేజీ అన్నమాట. షాంఘై జియావోతోంగ్ యూనివర్సిటీలో మిషిగన్ యూనివర్సిటీతో కలిసి 2006లో పెట్టిన జాయింట్ ఇన్‌స్టిట్యూట్ ఈ రకానికి చాలాకాలం పేరున్న ఉదాహరణ. అక్కడ చేరినవాళ్లు చట్టప్రకారం షాంఘై జియావోతోంగ్ విద్యార్థులే, కాబట్టి ఆ 985 పేరు వాళ్లకు న్యాయంగానే వచ్చేది. చిత్రం ఏమిటంటే, పైకి చిన్నగా కనిపించే ఈ రకానికే, చైనాలో ఉద్యోగాలిచ్చేవాళ్ల దగ్గర, ఒక్కోసారి పై అంతస్తు కంటే ఎక్కువ మర్యాద దొరుకుతుంది.

కింది అంతస్తు ప్రోగ్రాం. అంటే ఒక కోర్సు మాత్రమే ఉమ్మడి. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ, బీజింగ్ పోస్ట్స్ అండ్ టెలికమ్యూనికేషన్స్ యూనివర్సిటీ కలిసి టెలికాంలో నడుపుతున్న డిగ్రీ ఇలాంటిదే. లెక్కలో ఎక్కువ ఉన్నవీ ఇవే, నాసిరకాలు ఎక్కువగా కలిసిపోయిందీ ఇక్కడే.

ఇంకో సంగతి. చైనాలో 'ఇండిపెండెంట్ కాలేజ్' అని వేరే జాతి ఉంది. పేరున్న గవర్నమెంటు యూనివర్సిటీ పేరు వాడుకుంటూ ప్రైవేటు డబ్బుతో నడిచే కాలేజీలు అవి. వాటికీ, నేను పైన చెప్పిన సొంత హోదా యూనివర్సిటీలకూ ఏ సంబంధం లేదు. బ్రోచర్‌లో ఇండిపెండెంట్ అని కనిపిస్తే ఒకసారి ఆగి చూడు.

ప్రశ్న: హాంకాంగ్ చైనాలోదే కదా, మరి హాంకాంగ్ యూనివర్సిటీలను విదేశీ లిస్టులో ఎలా వేశారు? (పాఠకుడు, తెనాలి)

జవాబు: మంచి పాయింటు. వాళ్లు విదేశీ అని రాయరు. విద్యాశాఖ జాబితాలో వీటికి రిమార్కు వేరు: 'ప్రధాన భూభాగం, హాంకాంగ్-మకావ్-తైవాన్ ప్రాంతాల సహకారంతో నడిచేది'. అయితే 2003 నిబంధనల్లోనే, ఇలాంటి వాటికి కూడా ఇవే రూల్స్ చూసుకోమని చివర్లో రాసేశారు. కాబట్టి పేరు వేరైనా నడక ఒకటే. మన వాడుకలో అన్నిటినీ జాయింట్ అనేయడంలో పెద్ద నష్టమేం లేదు.

ప్రశ్న: ఇంతకీ పట్టా మీద ఎవరి పేరుంటుంది? ఇండియాలో చెల్లుతుందా? (గృహిణి, కృష్ణలంక, విజయవాడ)

జవాబు: అన్నిచోట్లా ఒకేలా ఉండదండీ. నింగ్బోలో చదివితే నాటింగ్‌హామ్ డిగ్రీ వస్తుంది. సుజౌలో బ్యాచిలర్స్ చదివితే రెండు డిగ్రీలు, ఒకటి లివర్‌పూల్‌ది, ఒకటి అక్కడి యూనివర్సిటీది. షాంఘైలో న్యూయార్క్ యూనివర్సిటీ డిగ్రీతో పాటు షాంఘై సంస్థ కాగితాలూ వస్తాయి, కున్‌షాన్‌లోనూ డ్యూక్‌ది, స్థానికంగా ఇచ్చేది కలిపి రెండు. పైగా చైనాలో చదువు పూర్తయినట్టు ఇచ్చే సర్టిఫికెట్ వేరు, డిగ్రీ సర్టిఫికెట్ వేరు. మనవాళ్లు ఒకటి తీసుకుని రెండోది హాస్టల్ గది ఖాళీ చేసే హడావుడిలో మర్చిపోయి వచ్చేస్తుంటారు. మీ పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి, ఇచ్చిన ప్రతి కాగితం, మార్కుల షీట్లతో సహా, తెచ్చుకోమని.

ఇండియా సంగతికి వస్తే, ఇంతకుముందు విదేశీ డిగ్రీలకు సమానత్వం ఇచ్చే, అంటే మన డిగ్రీకి సమానమని చెప్పే, పని భారత విశ్వవిద్యాలయాల సంఘం, అదే ఏఐయూ, చూసేది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ దీనికి కొత్త నిబంధనలు తెచ్చింది. మీకు సంబంధించిన ముక్క ఏమిటంటే, ఒక విదేశీ యూనివర్సిటీ ఇంకో దేశంలో పెట్టిన క్యాంపస్‌లో చదివితే, ఆ కోర్సు రెండు దేశాల నిబంధనలకూ సరిపోవాలి. అంటే నాటింగ్‌హామ్ డిగ్రీ నింగ్బోలో తెచ్చుకుంటే బ్రిటన్ లెక్కలోనూ చైనా లెక్కలోనూ గుర్తింపు ఉన్నట్టు చూపించాలి. ఫ్రాంచైజీ పద్ధతిలో, అంటే పేరు ఒకరిది, నడిపేది ఇంకొకరు అన్న పద్ధతిలో, ఇచ్చిన డిగ్రీలకైతే అసలు సమానత్వమే ఇవ్వరు. అందుకే నేను రకం రకం అని ఇంతసేపు పట్టుకుని వేలాడుతున్నది. పైకి వర్గీకరణ గొడవలా కనిపిస్తుంది గానీ, రేపు ఎంటెక్ సీటు దగ్గరో, గవర్నమెంటు ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గరో కూర్చున్నప్పుడు టెన్షన్ పెట్టేది ఇదే.

అనుమతి ఉందో లేదో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. చైనా విద్యాశాఖ ఈ ఉమ్మడి సంస్థలు, కోర్సుల కోసమే ఒక వెబ్‌సైట్ నడుపుతుంది, రాష్ట్రం ప్రకారం పేర్లు ఉంటాయి. అంతా చైనీస్‌లో ఉంటుంది, ఫోన్‌లో అనువాదం పెట్టుకుంటే పని జరిగిపోతుంది. కన్సల్టెన్సీ వాళ్లను ఆ పేజీ మీ ముందే తెరిచి, మీ కోర్సు ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించమనండి.

ప్రశ్న: వీటిలో ఎంబీబీఎస్ ఉందా? (అరండల్‌పేట, గుంటూరు నుంచి మరో ముగ్గురు కూడా)

జవాబు: చైనాలో ఎంబీబీఎస్‌కు వెళ్లే మనవాళ్లు చేరేది దాదాపుగా మామూలు గవర్నమెంటు మెడికల్ యూనివర్సిటీల్లోనే, ఈ జాయింట్ వాటిలో కాదు. పైన చెప్పిన యూజీసీ నిబంధనలు మెడిసిన్‌కు వర్తించవు, మీకు నీట్‌తో పాటు నేషనల్ మెడికల్ కమిషన్ 2021లో ఇచ్చిన రూల్సే ముఖ్యం: 54 నెలల ఇంగ్లిష్ మీడియం కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీసు చేసే అర్హత, తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష, మళ్లీ ఇంటర్న్‌షిప్. మిగతాది వచ్చే సంచికలో.

ప్రశ్న: మధ్యలో విదేశీ యూనివర్సిటీ చేతులెత్తేస్తే పిల్లల గతేంటి? (రిటైర్డ్ లెక్చరర్, పట్టాభిపురం, గుంటూరు)

జవాబు: మాస్టారూ, ఊహించి భయపడాల్సిన పని లేదు, ఇప్పటికే జరిగినవి ఉన్నాయి. 2018లో చైనా విద్యాశాఖే ఒక్క దెబ్బకు 234 ఉమ్మడి సంస్థలు, కోర్సులు ముగిసినట్టు ప్రకటించింది. అందులో సంస్థలు ఐదే, మిగతా 229 కోర్సులు. ఇందాక కింది అంతస్తు అన్నానే, గాలి వీస్తే ముందు ఎగిరేది అది. చాలా వాటిలో అప్పటికే అడ్మిషన్లు లేవు, కాగితం మీద మిగిలి ఉన్నాయంతే.

రెండో రకం దెబ్బ రాజకీయాలది. అమెరికా, చైనాల మధ్య చెడాక అమెరికా వైపు నుంచి ఒత్తిడి పెరిగింది. టియాన్‌జిన్ యూనివర్సిటీతో కలిసి షెన్‌జెన్‌లో నడుపుతున్న సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు జార్జియా టెక్ 2024 సెప్టెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మిషిగన్ వాళ్లు షాంఘై జియావోతోంగ్‌తో ఇరవై ఏళ్ల నాటి పొత్తు ముగిస్తున్నామన్నారు. ఇది మధ్య అంతస్తు, అదీ పేరున్నది! ఇలాంటప్పుడు చేరి ఉన్నవాళ్లు సాధారణంగా వీధిన పడరు, చాలామంది విద్యార్థులుగా ఉన్నది చైనా యూనివర్సిటీలోనే కాబట్టి చదువు అక్కడ పూర్తవుతుంది. ప్రమాదం ఉన్నది విదేశీ పట్టా ఆశకే. ఏ పేరు కోసం ఫీజు కట్టారో ఆ పేరే పోతే బాధ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

సొంత హోదా ఉన్నవాటికి కాళ్లు కాస్త గట్టివి. నేల, భవనాలు, ఉద్యోగులు సంస్థ చేతిలో ఉంటాయి, అందులో స్థానిక ప్రభుత్వం పరువూ ఉంటుంది. అలాగని భరోసా పత్రం రాసివ్వలేను. మా అమ్మాయే అయితే, అమెరికా పేరున్న దానికంటే రెండు డిగ్రీలు ఇచ్చేదానికి పంపుతాను, ఒకటి పోయినా రెండోది చేతిలో ఉంటుంది.

ప్రశ్న: చైనాలో ఏ విదేశీ యూనివర్సిటీ అయినా సొంతంగా నడుస్తోందా? మన దగ్గర, అమరావతిలో, అలాంటిది పెట్టొచ్చా? (ఇంజినీర్, తాడేపల్లి)

జవాబు: ఒక మినహాయింపు ఉంది. హైనాన్ దీవిని స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంగా చేస్తూ, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి రంగాల్లో విదేశీ యూనివర్సిటీలు చైనా భాగస్వామి లేకుండా పెట్టుకోవచ్చన్నారు. జర్మనీకి చెందిన బీలెఫెల్డ్ అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీ అలా వచ్చి 2023లో అక్కడ మొదలుపెట్టింది. అంటే పైన చెప్పిన మూడు అంతస్తుల ఇంటికి పక్కన వేసిన కొత్త గది అది. వర్గీకరణ చేసేవాళ్లకు మళ్లీ పని పడింది.

మన పద్ధతి చైనా మామూలు పద్ధతికి తలకిందులు. యూజీసీ 2023 నవంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారం, అర్హత ఉన్న విదేశీ యూనివర్సిటీ భాగస్వామి లేకుండానే క్యాంపస్ పెట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ గురుగ్రామ్‌లో 2025లో క్లాసులు మొదలుపెట్టింది. గుజరాత్ గిఫ్ట్ సిటీలో ఆస్ట్రేలియావి రెండు, డీకిన్, వోలన్‌గాంగ్, అంతకుముందే వచ్చాయి, అక్కడి రూల్స్ వేరు. కాబట్టి అమరావతిలో పెట్టడానికి చట్టం అడ్డం కాదు. వచ్చేవాళ్లు చూసేది ఫీజు కట్టగల పిల్లలు ఎంతమంది, విమానం ఎన్ని గంటల ప్రయాణం, ప్రొఫెసర్ కుటుంబంతో ఉండగల ఊరేనా అని. ఇందులో మొదటిదానికి మన దగ్గర లోటు లేదు.

ప్రశ్న: మా అమ్మాయి షాంఘైలో న్యూయార్క్ యూనివర్సిటీ డిగ్రీ చేసింది. ఒక ఉద్యోగం అప్లికేషన్‌లో యూనివర్సిటీ రకం అని గడి ఉంది: సెంట్రల్, స్టేట్, డీమ్డ్, ప్రైవేట్, ఫారిన్. ఏది టిక్ పెట్టాలి? న్యూయార్క్ యూనివర్సిటీ అమెరికాలో ప్రైవేటు కదా? (తల్లి, లబ్బీపేట, విజయవాడ)

జవాబు: ఫారిన్ పెట్టండమ్మా. అందులో ప్రైవేట్ అన్నది మన దేశపు చట్టాల కింద వచ్చినవాటి కోసం. దేశం అని ఇంకో గడి ఉంటే, డిగ్రీ ఇచ్చింది అమెరికా సంస్థ, చదివింది చైనాలో, కాబట్టి రెండూ రాయడానికి చోటుంటే రెండూ రాయండి, లేకపోతే డిగ్రీ మీద ఉన్న సంస్థ దేశమే రాసి, చదివిన ఊరు రిమార్కుల్లో పెట్టండి. సమానత్వ సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ఇవాళే దరఖాస్తు పెట్టించండి, ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక పరిగెత్తితే ఆ వారంలో రాదు.